కత్తి, సుత్తి, కాలు: గోర్కీ సవతి తండ్రి మీద ఒక కేస్ స్టడీ

తల్లో తండ్రో మళ్లీ పెళ్లి చేసుకున్న ఇళ్లలో పిల్లలతో పనిచేసే కౌన్సెలర్లకి ట్రైనింగ్ ఇచ్చేటప్పుడు ఒక చిక్కు ఉంది. అసలు కేసులు చెప్పకూడదు. పేరు మార్చినా, ఊరు మార్చినా, ఆ పిల్లాడి కథ ఆ పిల్లాడిదే. పోనీ మనమే ఒక కేసు కల్పిస్తే అది మనం అనుకున్నట్టే నడుస్తుంది, దాన్నుంచి నేర్చుకునేది ఏమీ ఉండదు. అందుకని జీవితమూ రాతలూ రెండూ అందరి ముందూ ఉన్న రచయితల్ని తీసుకుంటాను. వాళ్లలో నేను ఎక్కువగా చెప్పేది రష్యన్ రచయిత మక్సీం గోర్కీ.

కారణం ఒకటే. గోర్కీ తన సవతి తండ్రి దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లాడు. 1906లో ‘అమ్మ’ నవల రాస్తూ ముసుగు వేసి వెళ్లాడు. 1913లో ‘నా బాల్యం’ రాస్తూ పేరు పెట్టి వెళ్లాడు. తర్వాత రెండు మూడేళ్లకి ఆ ఆత్మకథ రెండో భాగం రాస్తూ ఇంకోసారి వెళ్లాడు. ఈ మూడు చోట్లా కనిపించే మనిషి ఒకే మనిషిలా ఉండడు. ఎందుకలా అన్నదే ఈ కేసులో అసలు ప్రశ్న.

ముందే ఒక మాట. చనిపోయిన మనిషికి డయాగ్నసిస్ పెట్టే అలవాటు నాకు లేదు. గోర్కీకి ఫలానా మానసిక సమస్య ఉంది, అందుకే ఇలా రాశాడు అనే వాక్యం ఇందులో దొరకదు. చిన్నప్పుడు దెబ్బలు తిన్నాడు కాబట్టి కథల్లో క్రూరమైన మగవాళ్లు వచ్చారు అని రాసేయడం చాలా సులువు. అలా అంటే ఏమీ అననట్టే. ఆ ఊళ్లో, ఆ కాలంలో దెబ్బలు తినని పిల్లాడు ఎవరు? వాళ్లెవరూ గోర్కీలు కాలేదు.

కుటుంబ చరిత్ర

గోర్కీ అసలు పేరు అలెక్సేయ్ పేష్కోవ్. 1868 మార్చి 28న వోల్గా ఒడ్డున ఉన్న నిజ్నీ నోవ్‌గొరోద్‌లో పుట్టాడు. ముద్దు పేరు అల్యోషా. తండ్రి మక్సీం ఆస్త్రాఖాన్‌లో స్టీమర్ల ఆఫీసు చూసుకునేవాడు. 1871లో పిల్లాడికి కలరా తగిలింది. దగ్గరుండి చూసుకున్న తండ్రికి అది అంటుకుంది. పిల్లాడు లేచి తిరిగాడు, తండ్రి పోయాడు. తర్వాత రచయితగా పేరు పెట్టుకోవాల్సి వచ్చినప్పుడు ఈ పిల్లాడు తీసుకున్నది ఆ తండ్రి పేరునే.

తల్లి వర్వారా పుట్టింటికి చేరింది. తాత వసీలీ కషీరిన్‌ది బట్టలకి రంగులద్దే కార్ఖానా. మేనమామలు ఆస్తి పంపకాల కోసం భోజనాల దగ్గరే కలబడేవాళ్లు. తాత శనివారం శనివారం పిల్లల్ని వరసగా పిలిచి బెత్తంతో కొట్టేవాడు. టేబుల్ మీది గుడ్డని నీలి రంగు తొట్టిలో ముంచినందుకు అల్యోషాని స్పృహ తప్పేదాకా కొట్టాడు. ఒక మేనమామ పెళ్లాన్ని కొట్టి కొట్టి చంపేశాడని కార్ఖానాలో పనివాడు పిల్లాడికి చెబుతాడు. అదే ఇంట్లో అమ్మమ్మ అకులీనా కూడా ఉంది, కథలు చెప్పే మనిషి. తల్లి మాత్రం చాలాకాలం కొడుకుని అక్కడ వదిలి వెళ్లిపోయింది. వస్తుంది, పోతుంది.

ఆమె మళ్లీ వచ్చి పెళ్లి చేసుకున్నది యెవ్‌గేనీ మక్సీమొవ్‌ని. కులీన కుటుంబం, చదువుకున్న కుర్రాడు, నీటుగా ఉంటాడు. కషీరిన్ ఇంట్లో అలాంటి మనిషి అంతకుముందు లేడు. ఈ వివరం గుర్తుంచుకోవాలి, తర్వాత పనికొస్తుంది.

సోర్మొవొ ఇల్లు

కొన్నాళ్లకి కాపురం నిజ్నీ పక్కనే ఉన్న సోర్మొవొ అనే ఫ్యాక్టరీ ఊరికి మారింది. తల్లీ సవతి తండ్రీ వీధి వైపు గదుల్లో ఉంటారు. అల్యోషా, అమ్మమ్మ వంటింట్లో. పైకప్పుల మీదుగా ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనిపిస్తాయి, ఇంటినిండా కాలిన వాసన, తెల్లారకముందే తోడేలు ఊళలా సైరన్.

‘నా బాల్యం’లో ఈ పేజీల దగ్గర నేను ట్రైనీల్ని చాలాసేపు ఆపుతాను. సవతి తండ్రి ఈ పిల్లాడిని ఎంత కొట్టాడు అని వాళ్లు వెతుకుతారు. అక్కడ ఉన్నది అది కాదు. అక్కడ ఉన్నది ఒక తలుపు. భార్యతో గొడవ పడేటప్పుడు మక్సీమొవ్ వంటింటి తలుపు గట్టిగా మూసేస్తాడు, పిల్లాడికి వినపడకూడదని. పిల్లాడు చెవులు రిక్కించుకుని ఆ గొంతు వింటూనే ఉంటాడు. కోపం వచ్చినప్పుడు అతను భార్యని ‘మీరు’ అంటాడు. ఆ మర్యాద వింటే పిల్లాడికి ఒళ్లు మండిపోతుంది. ఒకరోజు కడుపుతో ఉన్న ఆమెని పట్టుకుని, నీ పొట్ట వల్ల ఇంటికి ఎవర్నీ పిలవలేకపోతున్నానని, ఆవు అని తిడతాడు. అప్పుడు కూడా ‘మీరు’ అనే అంటాడు. అటక మీద పడుకున్న అల్యోషా ఒక్కసారిగా లేవబోయి పైకప్పుకి తల కొట్టుకుంటాడు, రక్తం వచ్చేలా నాలుక కరుచుకుంటాడు.

దెబ్బ ఎక్కడ తగిలిందో చూడండి. సవతి తండ్రి వేలు కూడా వేయలేదు. పక్క గదిలో అన్న మాట ఈ గదిలో రక్తం తెచ్చింది. ఇలాంటి ఇళ్ల నుంచి వచ్చే పిల్లల్లో నేను తరచూ చూసేది ఇదే: వాళ్లు చెప్పే కథలో వాళ్లు ఎప్పుడూ తలుపు ఇవతల ఉంటారు. ఏం జరిగిందో పూర్తిగా చూడరు, విన్నదాన్నిబట్టి మిగతాది మనసులో కట్టుకుంటారు. రచయిత చేసే పనికి ఇది చాలా దగ్గర. అలాగని తలుపు ఇవతల కూర్చున్న ప్రతివాడూ రచయిత అవుతాడని కాదు.

అదే ఇంట్లో ఇంకో దృశ్యం ఉంది. శనివారాలు వంటింట్లోకి కూలీలు గుంపుగా వస్తారు. వాళ్లకి జీతం బదులు చీటీలు ఇస్తారు. ఆ చీటీతో ఫ్యాక్టరీ కొట్టులోనే సరుకు తీసుకోవాలి. చేతిలో డబ్బు కావాలంటే చీటీ అమ్ముకోవాలి. మక్సీమొవ్ బల్ల దగ్గర గంభీరంగా కూర్చుని ఒక్కో చీటీ చూసి సగం ధరకి కొంటాడు. దేవుడికి భయపడు బాబూ అని ఒకడు బతిమాలితే, అదే ధర మళ్లీ చెబుతాడు.

పిల్లాడు ఇదీ చూశాడు. మామూలు రోజుల్లో తలుపు వెనక భార్యని తిట్టే మనిషే శనివారం తలుపు తీసి కూలీల కడుపు కొడతాడు. ఇల్లూ ఫ్యాక్టరీ వాడికి వేరువేరుగా తెలియలేదు, ఒకే మనిషి ముఖంలో తెలిశాయి. గోర్కీ రాజకీయాలు పుస్తకాల నుంచి వచ్చాయని రాసేవాళ్లు ఈ వంటింటి సంగతి కూడా చూడాలి.

ఘటన

ఆ తర్వాత కొంతకాలానికి జరిగిన గొడవ ఇది. మక్సీమొవ్ ఇంకో ఆడమనిషి దగ్గరికి వెళుతున్నాడని ఇంట్లో రభస. అల్యోషా గదిలోకి వచ్చేసరికి తల్లి మోకాళ్ల మీద కూలబడి కుర్చీకి వెనక్కి వాలి ఉంది, తల వెనక్కి వేలాడుతోంది. అతను శుభ్రంగా ముస్తాబై, కొత్త యూనిఫాంలో నిలబడి ఆమె గుండెల మీద కాలితో తంతున్నాడు.

బల్ల మీద రొట్టె కోసే కత్తి ఉంది. ఎముక పిడి, దానికి వెండి పని. తండ్రి వస్తువుల్లో తల్లి దగ్గర మిగిలింది ఆ ఒక్క కత్తే. పిల్లాడు అది అందుకుని బలంకొద్దీ సవతి తండ్రి పక్కలో పొడిచాడు. తల్లి సరిగ్గా అప్పుడే భర్తని పక్కకి తోసింది. కత్తి యూనిఫాంని చీల్చుకుంటూ పోయి చర్మం మీద గీత మాత్రం పెట్టింది.

అంతవరకే చెప్పి ఆపేస్తే ఇది వీరగాథ. చాలామంది అక్కడే ఆపేస్తారు. గోర్కీ ఆపలేదు. తర్వాత తల్లి కొడుకుని ఎత్తి, అరుస్తూ నేలకేసి కొట్టింది. ఆమె చేతుల్లోంచి పిల్లాడిని విడిపించింది ఎవరో తెలుసా? పెరట్లోకి పారిపోయి తిరిగొచ్చిన సవతి తండ్రి.

రాత్రి అతను ఇంట్లోంచి వెళ్లిపోయాక తల్లి పొయ్యి వెనక పడుకున్న కొడుకు దగ్గరికి వచ్చి, ముద్దుపెట్టుకుని ఏడ్చింది. తప్పు నాదే అంది. కత్తితోనా, ఎలా చేశావురా అంది. అతన్ని చంపి నేనూ చస్తాను అన్నాడు వాడు, అర్థమయ్యే అన్నాడు.

ఇక్కడ గోర్కీ కథ ఆపి తన గొంతుతో మాట్లాడతాడు. ఇప్పటికీ ఆ కాలు కనిపిస్తుందంటాడు. పొడవాటి కాలు, ప్యాంటు పక్కన మెరిసే అంచు, ఊగుతూ వెళ్లి ఒక ఆడమనిషి గుండెల మీద తగలడం. ఆ వెంటనే, ఈ రోత అంతా చెప్పడం అవసరమా అని తనని తానే అడుగుతాడు. అవసరమే అంటాడు. ఇది ఇంకా చావలేదు, దీని వేరు దాకా తెలుసుకోకపోతే పీకలేం అంటాడు. గోర్కీ ఎందుకు రాస్తాడు అన్నదానికి ఆయనే ఇచ్చిన బలమైన జవాబుల్లో ఇదొకటి. అది ఏ సాహిత్య సభలోనో ఇచ్చింది కాదు, సవతి తండ్రి కాలి పక్కన పెట్టిన జవాబు. ఈ కేసుని నేను మొదట తీసుకోవడానికి కారణం ఆ పేరానే.

ఆ మాటలు రాసేటప్పటికి ఆయనకి నలభై అయిదేళ్లు. అన్నేళ్ల తర్వాత మనిషి మొహం కాదు, కాలు మిగిలింది. ప్యాంటు అంచుతో సహా.

నవలలో ఏమైంది

తెలుగులో గోర్కీ అనగానే ‘అమ్మ’ గుర్తొస్తుంది. 1906 వేసవిలో అమెరికాలో ఉండగా చాలావరకు రాశాడు, మొదట అచ్చయింది కూడా అక్కడి పత్రికలో ఇంగ్లీషులోనే. నవలకి ఆధారం 1902లో సోర్మొవొలో జరిగిన మే డే ఊరేగింపు. జెండా పట్టుకుని అరెస్టయిన ప్యోత్ర్ జలోమొవ్, అతని తల్లి అన్నా పాత్రలకి మూలం. ఇదంతా అందరూ చెప్పేదే. సోర్మొవొ అంటే గోర్కీ చిన్నప్పుడు సవతి తండ్రితో కలిసి ఉన్న ఊరు కూడా అన్నది తక్కువమంది చెబుతారు. నవల మొదటి వాక్యంలో మోగే ఫ్యాక్టరీ సైరన్ ఆ వంటింట్లో విన్నదే.

మొదటి అధ్యాయాల్లో మిఖయిల్ వ్లాసొవ్ అనే ఫ్యాక్టరీ ఫిట్టర్ ఉంటాడు. ఒంటినిండా వెంట్రుకలు, ముభావి, పెళ్లాన్ని కొడతాడు. కొడుకు పావెల్‌కి పద్నాలుగేళ్లు వచ్చాక ఒకరోజు జుట్టు పట్టుకోబోతాడు. పావెల్ బరువైన సుత్తి చేతిలోకి తీసుకుని, ముట్టుకోకు అంటాడు. ఇక చాలు, పడను అంటాడు. తండ్రి ఒక్క క్షణం చూసి చేతులు వెనక్కి పెట్టుకుంటాడు. ఆ తర్వాత కొడుకు జోలికి పోడు. రెండేళ్లకి జబ్బుతో పోతాడు.

రెండు దృశ్యాలూ పక్కపక్కన పెట్టండి. కత్తి సుత్తి అయింది. కత్తి చచ్చిపోయిన తండ్రిది, సుత్తి ఫ్యాక్టరీ పనిముట్టు. కత్తి తగిలింది కానీ ఏమీ మారలేదు. సుత్తి ఎవరినీ తాకలేదు, అయినా అంతా మారింది. పిల్లాడి వయసు పెరిగింది, మాట్లాడటం వచ్చింది. చంపుతాను, చస్తాను అన్న చోట ఇక చాలు అన్నాడు.

ఇంకో మార్పు నాకు దీనికన్నా పెద్దదిగా కనిపిస్తుంది. నవలలో కొట్టేవాడు సవతి తండ్రి కాడు, కన్నతండ్రి. పైగా కూలీ. ఫ్యాక్టరీ వాడి రక్తం పీల్చింది, వాడు ఇంటికొచ్చి పెళ్లాం మీద చూపించాడు. కూలీ డబ్బు లాక్కునే పని మాత్రం నవలలో మేనేజర్‌కి వెళ్లింది. బురద నేల ఎండగట్టడానికని రూబుల్‌కి ఒక కోపెక్ కోత పెట్టేది అతనే, ఆ కోత మీదే పావెల్ మొదటిసారి జనం ముందు నోరు విప్పుతాడు. అంటే సోర్మొవొ వంటింట్లో ఒకే మనిషి చేసిన రెండు పనుల్ని నవల ఇద్దరికి పంచింది. తన్నే కాలు ఒకరికి, చీటీలు కొనే చేయి ఇంకొకరికి. అలా పంచబట్టే కొట్టేవాడి మీద కూడా కొంచెం జాలి పుట్టించగలిగాడు. మక్సీమొవ్‌ని ఒక్క మనిషిగానే ఉంచి ఉంటే ‘అమ్మ’ నవల మొదటి అధ్యాయం దాటి కదిలేది కాదని నా నమ్మకం. కోపమంతా ఒక్కడి మీద పడితే నవల ఆ ఒక్కడి దగ్గరే ఆగిపోతుంది.

ఇక తల్లి. నిలోవ్నాకి నలభై ఏళ్లు, వంగిన నడుం, కుడి కనుబొమ్మ పైన లోతైన గాటు. ఎవరికీ అడ్డు రాకుండా పక్కవాటుగా నడుస్తుంది. దెబ్బలు తిని తిని ఒంటికి పట్టిన నడక అది. ఈమె కొడుకు వెంట నడుస్తుంది, మరిచిపోయిన అక్షరాలు మళ్లీ కూడబలుక్కుంటుంది, చివరికి కరపత్రాలు పంచుతుంది. అసలు తల్లి వర్వారా 1879లో క్షయతో పోయింది. కొడుక్కి పదకొండేళ్లు. ఆమె కత్తి పట్టిన కొడుకుని నేలకేసి కొట్టింది. నవలలో తల్లి సుత్తి పట్టిన కొడుకుని నమ్మింది. ఇది తీరని కోరిక తీర్చుకోవడమేనా అని ట్రైనీలు అడుగుతారు. కొంతవరకు అవును. కానీ ఒట్టి కోరికే అయితే నిలోవ్నా కనుబొమ్మ మీద ఆ గాటు ఉండేది కాదు. కోరికతో కట్టుకున్న తల్లి అందంగా ఉంటుంది.

కిటికీ దగ్గర పిల్లాడు

‘అమ్మ’ కన్నా ముందు, 1897లో వచ్చిన ‘ఓర్లోవ్ దంపతులు’ కథ ఈ కేసుకి చాలా అవసరం. తెలుగు పాఠకుల్లో దాన్ని చదివినవాళ్లు తక్కువ. నేలమాళిగలో ఉండే చెప్పులు కుట్టే గ్రిగోరీ ఓర్లోవ్ భార్య మత్ర్యోనాని శనివారాలు చితకబాదుతుంటాడు. ఆ గొడవ మొదలవగానే సేన్కా చీజిక్ అనే కుర్రాడు, పెయింటర్ దగ్గర పనివాడు, పరిగెత్తుకొచ్చి నేల మీద బోర్లా పడుకుని కిటికీలోంచి తల లోపలికి వేలాడేస్తాడు. లోపల ఏం జరుగుతోందో పైన నిలబడ్డ జనానికి క్రికెట్ కామెంటరీలా వినిపిస్తాడు.

అటక మీద చెవులు రిక్కించిన అల్యోషా ఇక్కడ కిటికీ దగ్గరికి వచ్చాడు. అయితే వీడికి బాధ లేదు, హుషారు. రచయిత తన మీద తానే వేసుకున్న వ్యంగ్యంగా నేను దీన్ని చదువుతాను. తన్నులాట చూసి పదిమందికి చెప్పేవాడు ఎవడు? రచయితే. గోర్కీకి ఆ ఇబ్బంది ఉంది, ‘నా బాల్యం’లో ఇది చెప్పడం అవసరమా అని అడిగింది కూడా ఆ ఇబ్బందే. అదే కథలో ఊరికి కలరా వస్తుంది. ఓర్లోవ్ దంపతులు కలరా ఆసుపత్రిలో పనికి చేరతారు. మత్ర్యోనా అక్కడ మనిషవుతుంది, తన కాళ్ల మీద తాను నిలబడి మొగుణ్ని వదిలేస్తుంది. కన్నతండ్రిని తీసుకుపోయిన జబ్బు ఈ కథలో భార్యని కొట్టే ఇంట్లోంచి బయటికి దారి చూపిస్తుంది. ఇది కావాలని చేశాడా, తెలియకుండా జరిగిందా అనేది తేల్చలేను. తేల్చాల్సిన అవసరం కూడా లేదు.

ఆ కాలంలోదే ఇంకొకటి. 1891 జులై 15న, ఇరవై మూడేళ్ల వయసులో, కాలినడకన తిరుగుతూ ఖెర్సోన్ ప్రాంతంలోని కందీబొవ్కా అనే పల్లెలో ఒక దృశ్యం చూశాడు. ఒకావిణ్ని బట్టలు విప్పి బండికి కట్టి, భర్త కొరడాతో కొడుతూ ఊరంతా తిప్పుతున్నాడు. గోర్కీ అడ్డం వెళ్లాడు. ఊరివాళ్లు చితక్కొట్టారు, ఆసుపత్రి పాలయ్యాడు. నాలుగేళ్ల తర్వాత దాని మీద చిన్న స్కెచ్ రాశాడు. అందులో తేదీ ఉంది, ఊరు పేరు ఉంది, చూశాను అన్న మాట ఉంది. అడ్డం వెళ్లాను అన్న మాట లేదు.

మళ్లీ కత్తి పట్టిన పిల్లాడే. ఈసారి ఆ పిల్లాడిని పేజీ మీదకి రానివ్వలేదు.

వేరే కారణాలు

ఇంత చెప్పాక ఎదురు ప్రశ్న వేసుకోవాలి. ఇదంతా సవతి తండ్రి వల్లే అని ఎలా అంటాం? కషీరిన్ ఇంట్లో అతను రాకముందే కావలసినంత హింస ఉంది. లెక్క చూస్తే పిల్లాడి ఒంటి మీద పడ్డ దెబ్బలు ఎక్కువ తాతవే. గోర్కీ రాతల్లో కొట్టే మగవాళ్లందరినీ మక్సీమొవ్ ఖాతాలో వేయడం అన్యాయం.

తాతనీ మేనమామల్నీ తీసేస్తే మక్సీమొవ్‌కి మాత్రమే చెందేది ఏం మిగులుతుంది? నా లెక్కలో మిగిలేది శుభ్రత. కషీరిన్‌లు తాగి, అరిచి, ఏడ్చి కొట్టేవాళ్లు. తాత కొట్టాక మంచం పక్కన కూర్చుని తన కష్టాలు చెప్పుకున్నాడు. మక్సీమొవ్ ఇస్త్రీ బట్టల్లో, ‘మీరు’ అంటూ, తలుపేసుకుని కొట్టాడు. చదువూ మర్యాదా మనిషిని మంచివాణ్ని చేస్తాయన్న నమ్మకాన్ని ఆ పిల్లాడి ముందే పడగొట్టాడు. 1904లో వచ్చిన ‘వేసవి విడిది మనుషులు’ నాటకంలో చదువుకున్న, నాజూకైన మనుషుల మీద గోర్కీ చూపించే చల్లటి అసహ్యం తాత నుంచి రాలేదని నేననుకుంటాను. ఇది అనుమానమే, ఋజువు కాదు.

రెండో అభ్యంతరం ఆత్మకథ మీద. తండ్రి పోయినప్పుడు పిల్లాడికి మూడేళ్లు. ‘నా బాల్యం’లో మాత్రం శవపేటిక మూత మీదకి ఎక్కిన రెండు కప్పలు కూడా గుర్తున్నట్టు రాశాడు. మూడేళ్ల జ్ఞాపకం అంత స్పష్టంగా ఉండదు. రాసింది నవలాకారుడు. పైగా సుత్తి ముందు వచ్చింది, కత్తి ఏడేళ్ల తర్వాత. సుత్తి దృశ్యం బాగా పండింది కదా అని దాన్నే జీవితంలోకి వెనక్కి తోశాడేమో? న్యాయమైన ప్రశ్న. నా జవాబు ఆ దృశ్యం చివర ఉంది. గొప్ప కోసం కల్పించేవాడు తల్లి తనని నేలకేసి కొట్టిందని రాయడు. శత్రువే వచ్చి తనని విడిపించాడని అసలు రాయడు. కథకి పనికిరాని, రాసినవాడికి మేలు చేయని వివరాన్నే నేను ఎక్కువ నమ్ముతాను. ఎదురుగా కూర్చున్న పిల్లల దగ్గర కూడా అంతే.

ఇక్కడ డికెన్స్‌ని ఒక్కసారి పక్కన పెట్టి చూస్తాను. ఇంగ్లీషు సాహిత్యంలో పేరుమోసిన సవతి తండ్రి మర్డ్‌స్టన్, 1849–50లో వచ్చిన ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’లో. డికెన్స్‌కి సవతి తండ్రే లేడు. సొంత తండ్రి అప్పుల పాలై 1824లో జైలుకి వెళితే, పన్నెండేళ్ల కొడుకు బూట్ పాలిష్ ఫ్యాక్టరీలో సీసాలకి లేబుళ్లు అంటించాడు. కన్నతండ్రి మీద కోపాన్ని డికెన్స్ సవతి తండ్రి మీదకి మళ్లించాడని చదవొచ్చు. గోర్కీ సరిగ్గా ఎదురు దారిలో, సవతి తండ్రి చేసింది కన్నతండ్రి చేతికి ఇచ్చాడు. కథలో సవతి తండ్రి కనిపిస్తే జీవితంలో ఉన్నాడని కాదు, కనిపించకపోతే లేడనీ కాదు.

ఇంకో జాగ్రత్త. 1887 డిసెంబర్‌లో కజాన్‌లో గోర్కీ గుండెకి గురిపెట్టి కాల్చుకున్నాడు, తూటా ఊపిరితిత్తిలో దిగింది, బతికాడు. అతన్ని చంపి నేనూ చస్తాను అన్న పిల్లాడి మాటకీ దీనికీ గీత కలపాలని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరికి అనిపిస్తుంది. కలపొద్దంటాను. ఆ ఏడాదే అమ్మమ్మా తాతా ఇద్దరూ పోయారు. పేదరికం, ఒంటరితనం, యూనివర్సిటీలో అడుగు పెట్టలేకపోవడం, అన్నీ ఉన్నాయి. పదేళ్ల దూరాన్ని ఒక్క వాక్యంతో దాటేస్తే మనకి తృప్తిగా ఉంటుంది, అంతే.

మూడోసారి

ఆత్మకథ రెండో భాగం 1915–16లో వచ్చింది. తల్లి పోయింది. నువ్వేం నా మెడలో పతకానివి కాదు, పోయి జనంలో బతుకు అని తాత పంపేశాడు. అల్యోషా ఒక డ్రాఫ్ట్స్‌మన్ ఇంట్లో పనిపిల్లాడిగా ఉన్నాడు. ఆ ఇంటికి డ్రాయింగ్ పనికి ఒక మనిషి వస్తాడు. మక్సీమొవ్. చిక్కిపోయాడు, క్షయ ముదిరింది. ఇంట్లోవాళ్లు వెనకాల అతన్ని వెక్కిరిస్తారు. అతను పనిపిల్లాడితో మర్యాదగా, ‘మీరు’ అని మాట్లాడతాడు. ఒకప్పుడు తల్లి మీద విసిరిన అదే మర్యాద, ఇప్పుడు ఏ విషమూ లేకుండా. ఇద్దరి మధ్యా తడబడుతూ ఏదో సంబంధం ఏర్పడుతుంది. క్షమించమని అతను అడగడు, ఇతనూ క్షమించానని చెప్పడు. చివరికి ఆసుపత్రిలో మక్సీమొవ్ చనిపోయేటప్పుడు అల్యోషా అక్కడే ఉంటాడు.

1906లో ఇద్దరిగా చీలిపోయిన మనిషి, 1913లో ఒక కాలుగా మిగిలిన మనిషి, ఇక్కడికొచ్చేసరికి దగ్గుతూ, గీతలు గీస్తూ, చచ్చిపోతూ పూర్తి మనిషయ్యాడు. సంఘటనలన్నీ జరిగింది గోర్కీ చిన్నప్పుడే. మారింది రాసిన ఏడాది. అందుకే రచయితల కేసుల్లో జరిగిన తేదీ పక్కనే రాసిన తేదీ కూడా వేయమంటాను. ఎదురుగా కూర్చున్న మనిషి నోట అదే కథ మూడోసారి విన్నప్పుడు కూడా ఆ అలవాటు పనికొస్తుంది. ఏది నిజం అని కాకుండా, ఈసారి ఏం మార్చి చెబుతున్నాడు అని వినాలి.

సవతి తండ్రి లేకపోతే గోర్కీ రచయిత అయ్యేవాడా అని చివర్లో తప్పకుండా అడుగుతారు. అయ్యేవాడనే నా అభిప్రాయం. కథ చెప్పడం అమ్మమ్మ దగ్గర వచ్చింది. చదవడం మీద ఇష్టం ‘దోబ్రీ’ అనే స్టీమర్ మీద అంట్లు తోముతున్నప్పుడు, వంటవాడు స్మూరీ తన పెట్టెలోని పుస్తకాలు పైకి చదివించుకోవడంతో వచ్చింది. కేస్ షీట్‌లో పిల్లాడిని నిలబెట్టిన కారణాలు అని ఒక గడి ఉంటుంది, ఈ రెండు పేర్లూ అందులో ఇట్టే పడతాయి. మక్సీమొవ్ పేరు హాని గడిలో ఎలాగూ ఉంటుంది. ఆ చివరి నెలల కోసం అదే పేరు ఈ గడిలో కూడా రాయాలా అనే దగ్గర ప్రతి బ్యాచ్‌లోనూ వాదన మొదలవుతుంది. తన్నినవాడిని అక్కడ ఎలా రాస్తాం అని సగం మంది అంటారు. నేను రాయమంటాను, పక్కన 1916 అని వేసి.